లీవరుకు బొట్టు

“ఫోర్ బై ఫోర్ ఒక్కసారి కూడా వాడలేదు సార్. గుండె మీద చెయ్యేసి చెప్తున్నా.”

నిరుడు ఎండాకాలంలో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల యార్డులో విన్న మాట ఇది. తర్వాత రెండు నెలల్లో తొమ్మిది యార్డులు తిరిగాను. ప్రతిచోటా అదే మాట, అదే గుండె, అదే చెయ్యి. మొదట్లో పట్టించుకోలేదు. నాలుగోసారి విన్నప్పుడు మాత్రం ఎక్కడో కలుక్కుమంది. పశువుల సంతలో ఎవడైనా “ఈ గేదెను ఒక్కపూటైనా పితకలేదు, అందుకే పదివేలు ఎక్కువ” అంటాడా? పదేళ్ల నాటి బోరు మోటారు అమ్మేవాడు “చుక్క నీళ్లు తోడి ఎరగదు” అని మెచ్చుకుంటాడా? ఈ ఒక్క బండి విషయంలోనే, ఏ గుణం ఉందని లక్షన్నర ఎక్కువ అడుగుతారో, ఆ గుణాన్ని ఎన్నడూ బయటికి తియ్యలేదని ఇంకో యాభై వేలు కలుపుతారు. కొనేవాడు సంతోషంగా ఇస్తాడు. వాడూ తియ్యబోడు కదా.

కొనేవాడు మా బావమరిది. కొండాపూర్‌లో ఫ్లాటు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. బడ్జెట్ 8 లక్షలు. అందులో ఒకటిన్నర మా ఆవిడ మీదుగా నా దగ్గర్నుంచి రావాలి గనక నాకు సలహాదారు పదవి ఇచ్చారు. బండి తిరగాల్సిన దారి: సెల్లారు, పిల్లల స్కూలు, ఆఫీసు, ఆదివారం సరుకులు. మొత్తం సిమెంటు, తారు. మట్టి తగిలేది జలమండలి వాళ్లు తవ్వి పూడ్చడం మర్చిపోయిన చోటే.

“మరి ఫోర్ బై ఫోర్ ఎందుకురా?” అన్నాను.

“ఫ్యామిలీ కోసం బావా.”

ఆ ఫ్యామిలీని కూడా కనుక్కున్నాను. మా చెల్లెమ్మకి, అంటే వాడి భార్యకి, ఆటోమేటిక్ గేరు కావాలి. “ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కి తొక్కి మోకాలు పట్టేస్తోంది అన్నయ్యగారూ” అంది. పెద్దవాడికి సన్‌రూఫ్ కావాలి, చిన్నదానికి తెల్లరంగు కావాలి. మా అత్తగారికి ఎక్కడానికి తక్కువ ఎత్తు కావాలి. ఫోర్ బై ఫోర్ అంటే నాలుగు చక్రాలూ తిరుగుతాయమ్మా అని కొడుకు వివరిస్తే ఆవిడ చాలాసేపు ఆలోచించి, “మిగతా కార్లకు మూడే తిరుగుతాయట్రా?” అంది. నలుగురిలో ఒక్కరూ అడగనిదాన్ని నలుగురి పేరు చెప్పి కొనడమే ఇంటి యజమానితనం. మా మామగారు స్కూటరు కొన్నప్పుడూ ఇంతేనట, ఫ్యామిలీ కోసమే. స్టెపినీ మాత్రం వెనక సీటు కింద కాకుండా మా అత్తగారి కాలికి తగిలేటట్టు పెట్టించారు.

వాడు చెప్పిన మొదటి కారణం వాన. హైదరాబాద్‌లో వానొస్తే రోడ్లు చెరువులవుతాయి, ఫోర్ బై ఫోర్ అయితే దాటేస్తుంది. వినడానికి బాగానే ఉంది. నీళ్లలో ఇంజిన్‌ను ఆపేది చక్రాలు కాదు నాయనా, ముక్కు. గాలి పీల్చుకునే గొట్టం ఎక్కడుందో అంతవరకే బండి బతుకు. ఆ గొట్టంలోకి నీళ్లు పోతే సిలిండరులోకి చేరతాయి. గాలిని నొక్కినట్టు నీళ్లను నొక్కలేరు కాబట్టి పిస్టన్ పైకొచ్చి గుద్దుకుని, కనెక్టింగ్ రాడ్ వంగి ఊరుకుంటుంది. అప్పుడు నాలుగు చక్రాలూ లాగేది ఒక్క వైపే, క్రేను వైపు. కొత్త థార్‌కే కంపెనీ చెప్పే నీటిలోతు 650 మిల్లీమీటర్లు, అంటే పెద్దమనిషి మోకాలికి కాస్త పైన. 2020 అక్టోబరు వానకి కార్లను కాలనీల్లోంచి కొట్టుకుపోయేలా చేసిన నీళ్లకి ఏ చక్రం లాగుతుందో అడిగే తీరిక లేదు. తేలే బండికి ఫోర్ బై ఫోర్ ఉంటే నాలుగు చక్రాలూ నీళ్లలో తిరుగుతాయి, అంతే.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. అలా మునిగిన బండ్లన్నీ ఏమయ్యాయనుకుంటున్నారు? 2015 డిసెంబరు చెన్నైవి, 2020 హైదరాబాద్‌వి, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పటి విజయవాడవి తుక్కు కింద పోయినవి కొన్నే. మిగతావి కడుక్కుని, సెంటు కొట్టుకుని, కొత్త సీటు కవర్లు తొడుక్కుని పెళ్లిచూపులకు కూర్చున్నాయి. “వానలకు పనికొచ్చే బండి” కోసం వెళ్లిన మా వాడికి ఒక యార్డులో నిజంగానే వానలు బాగా తెలిసిన బండి చూపించారు. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగితే అడుగున జానెడు పొడవున బురద చార. సీటు జరిపే పట్టాలకు ఎర్రటి తుప్పు. కార్పెట్ ఎత్తితే ఇసుక. హెడ్‌లైటులో ఆవిరి. “ఏసీ చల్లదనం సార్ అది,” అన్నాడు కుర్రాడు. బండి పదేళ్లది, పరిమళం మాత్రం కొత్త పెళ్లికూతురిది. నేను దిగి పక్కకు వచ్చేశాను. మా వాడు లోపలే కూర్చుని, పక్క లీవరు మీద చెయ్యేసి కళ్లు మూసుకున్నాడు.

ఆ లీవరు సంగతి చెప్పకుండా ఈ రోగం అర్థం కాదు. గేరు రాడ్ పక్కన బుల్లి రాడ్ ఉంటుంది. టూ హెచ్ అంటే వెనక చక్రాలు మాత్రమే లాగుతాయి. ఫోర్ హెచ్ అంటే నాలుగూ. ఫోర్ ఎల్ అంటే నాలుగూ, నత్తనడకన, ఏనుగు బలంతో. పాతకాలపు బండ్లలో ఎక్కువభాగం ఈ రకమే. ఇప్పుడు మలుపు తిరిగారనుకోండి. ముందు చక్రాలు పెద్ద వంపు తిరుగుతాయి, వెనకవి చిన్న వంపు. ఫోర్ హెచ్‌లో ముందునీ వెనకనీ కలిపి కట్టేశాం కనక ఆ తేడాను ఎక్కడో ఒకచోట తీర్చుకోవాలి. బురదలోనో ఇసుకలోనో అయితే చక్రం కాస్త జారి తీర్చేసుకుంటుంది. ఎండిన తారు మీద జారదు. షాఫ్టులూ పళ్లచక్రాలూ మెలిపడతాయి, టైర్లు అరుస్తాయి, బండి కుంటుతుంది. అందుకే ఇలాంటి బండి ఏదైనా దాని పుస్తకంలో స్పష్టంగా రాసి ఉంటుంది, ఎండిన గట్టి రోడ్డు మీద ఇది వెయ్యొద్దని.

ఒక యార్డులో మాకు బండి చూపించిన కుర్రాడు ఆ పుస్తకం చదవలేదు. పవర్ చూపిస్తానని మిట్టమధ్యాహ్నం యార్డు ముందు తారురోడ్డు మీద ఫోర్ హెచ్ వేసి, స్టీరింగ్ మొత్తం తిప్పి యూటర్న్ కొట్టాడు. కింద ఎవరో రేకుల షెడ్డు కూలదోస్తున్నట్టు చప్పుడు. బండి కుందేలులా రెండు గెంతులు గెంతింది.

“చూశారా సార్, అదీ పవర్!”

మా వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనందంతో.

ఇంకో మెలిక ఉంది. కొన్ని కంపెనీలు తమ పుస్తకాల్లో నెలకోసారైనా కొంతదూరం ఫోర్ వీల్‌లో నడపమంటాయి. వాడకపోతే ముందు ఇరుసు సామానుకి నూనె అందదు, లీవరు బిగుసుకుంటుంది, సీళ్లు ఎండిపోతాయి. అంటే “ఒక్కసారి కూడా వాడలేదు” అన్నది గుణం కాదు, జబ్బు. పదేళ్లు మంచం దిగని మనిషిని చూపించి “మోకాళ్లు ఒక్కసారీ వాడలేదు, కొత్తవే” అని సంబంధం చెప్పినట్టు. కానీ నెలకోసారి వెయ్యాలంటే తారు మీద వెయ్యకూడదు. కాబట్టి కొండాపూర్ వాసి నెలకోసారి బురద వెతుక్కుంటూ పోవాలి. అలాంటివాళ్ల కోసం ఊరి చివర ఆఫ్ రోడ్ ట్రాకులు వెలిశాయి. పొలం చదును చేసి, గుంటలు తవ్వి, ట్యాంకరుతో నీళ్లు పోయించి బురద చేస్తారు. వెళ్లినవాళ్లు టికెట్టు కొని, ఆ బురదలో బండి దించి, ఎక్కించి, సెల్ఫీ తీసుకుని, వచ్చేటప్పుడు వాటర్ వాష్ చేయించుకుంటారు. మా తాతగారికి ఏటా తొలకరికి ఊరంతా బురద ఊరికే వచ్చేది. ఆయన దాన్ని తిట్టుకునేవారు.

రెండో కారణం లడాఖ్. తెలుగు సాఫ్ట్‌వేరు మగాడు జీవితంలో ఒక్కసారైనా కుటుంబంతో బండేసుకుని లేహ్ వెళ్లాలి, ఇది షోడశ సంస్కారాలకు ఈ మధ్య చేరిన పదిహేడోది. వెళ్లండి, ఎవరొద్దన్నారు? హిమాచల్ ఆర్టీసీ వాళ్లు ఎండాకాలంలో ఢిల్లీ నుంచి లేహ్‌కి మామూలు బస్సు నడుపుతారు. వెనక చక్రాలు లాగే బస్సు. 5,300 మీటర్ల ఎత్తున్న తగ్లంగ్‌లా మీదుగా, ఏసీ లేకుండా, డబ్బాలూ, దుప్పట్లూ, దగ్గే ముసలివాళ్లతో సహా దాటిస్తారు. అటల్ సొరంగం 2020 అక్టోబరులో తెరిచాక రోహ్‌తంగ్ ఎక్కాల్సిన పని కూడా తప్పింది. ఆ బస్సు డ్రైవరుకి ఎవరైనా ఫోర్ బై ఫోర్ స్టిక్కరు అంటించి రండి, ఆయనే అర్హుడు.

మూడోది సేఫ్టీ. ఇది విని నాకు నిజంగా కోపం వచ్చింది. నాలుగు చక్రాలూ లాగితే బండి బయలుదేరడానికి ఉపయోగం, ఆగడానికి కాదు. బ్రేకులు అన్ని కార్లకూ నాలుగు చక్రాలకూ ఉంటాయి. ఆపేది టైరు. యార్డుల్లో మేం చూసిన ఫోర్ బై ఫోర్లలో సగానికి అరిగిన టైర్లు. ఒక దానికి నాలుగు చక్రాలకు నాలుగు కంపెనీల టైర్లు, నాలుగు మతాల సామరస్యంలా. ఆటోమేటిక్‌గా నాలుగు చక్రాలకూ బలం పంచే ఏడబ్ల్యూడీ బండ్లకు అదే పెద్ద విషం. టైర్ల కైవారంలో తేడా ఉంటే మధ్యలో ఉండే క్లచ్ ఎప్పుడూ రుద్దుకుంటూనే ఉంటుంది. కుటుంబ భద్రత కావాలంటే ముందు నాలుగు మంచి టైర్లకు 30 వేలు పక్కన పెట్టు, ఎయిర్‌బ్యాగులెన్ని ఉన్నాయో చూడు అన్నాను. “టైర్లు తర్వాతైనా మార్చుకోవచ్చు బావా, ఫోర్ బై ఫోర్ తర్వాత పెట్టించుకోలేం కదా” అన్నాడు. తర్కంలో లోపం లేదు. ఆయుష్షులో ఉంది.

ఇక గోతులూ స్పీడ్ బ్రేకర్లూ. దానికి కావాల్సింది నేలకు ఎత్తు, లాగే చక్రాలు కాదు. పాత డస్టర్‌నే తీసుకోండి. ఏడబ్ల్యూడీకి నేలనుంచి 210 మిల్లీమీటర్లు, మామూలు దానికి 205. ఆ 5 మిల్లీమీటర్ల కోసమేనా? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు. మన కాలనీ సంక్షేమ సంఘం లెక్క వేరనుకోండి, వాళ్లు సంక్షేమం ఎక్కువ కోరేవాళ్లు. మొన్నటిదాకా ఎక్కువ సెస్సు వెయ్యడానికి జీఎస్టీ వాళ్లు గీసిన గీత కూడా ఇంతే: పొడవు 4 మీటర్లు దాటాలి, ఇంజిన్ 1500 సీసీ దాటాలి, నేలకు ఎత్తు 170 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఎన్ని చక్రాలు లాగుతాయన్నది సర్కారు అడగనే లేదు. పన్ను వేసేవాడికే పట్టని గుణానికి మనం స్వచ్ఛందంగా పన్ను కట్టుకుంటున్నాం.

ఇక స్వయంవరం. 8 లక్షలకు వచ్చే రాకుమారులు ఎవరంటే... జిప్సీ ఉంది. 1985లో వచ్చింది, సైన్యంలో పనిచేసింది, చూస్తే చెయ్యెత్తి సెల్యూట్ కొట్టాలనిపిస్తుంది. వెనక సీట్లు ఎదురుబొదురు, అడ్డంగా. అందులో మా అత్తగారిని కూర్చోబెడితే సెల్యూట్ కాదు, ఇంకేదో కొడుతుంది. 2010 నాటి పాత థార్‌దీ అదే కూర్చోబెట్టే తీరు, పైన గుడ్డ కప్పు. జిమ్నీ 2023లో వచ్చింది, బడ్జెట్‌కి అందదు. అందినా డిక్కీ 208 లీటర్లు, అంటే ఇద్దరు పిల్లల బ్యాగులు పెట్టాక మూడో బ్యాగు ఒళ్లో. పాత ఎండీవర్ ఉంది, ఠీవికి ఠీవి. ఫోర్డ్ వాళ్లు 2021 సెప్టెంబరులో ఇక మన దేశంలో కార్లు చెయ్యం అనేశారు. పజేరో ఉంది, దాని పేరు చెప్పగానే మెకానిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. టీ తెప్పించిన మెకానిక్‌తో జాగ్రత్తగా ఉండాలి. “సామాను ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి రావాలి సార్, పదిరోజులు పట్టుద్ది” అన్నాడు, పెళ్లి ముహూర్తం చెప్తున్నంత ఆనందంగా.

ఢిల్లీ నుంచి సామాను ఒక్కటే కాదు, బండ్లూ వస్తాయి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను తిప్పకూడదని హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, సుప్రీంకోర్టు 2018లో సరేనంది. అప్పటినుంచి తొమ్మిదేళ్ల పదినెలల డీజిల్ ఎస్‌యూవీలు గోదావరి పుష్కరాలకొచ్చిన యాత్రికుల్లా దక్షిణాదికి బయల్దేరాయి. ధర చూస్తే ఆశ పుడుతుంది. తర్వాత ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్సు మళ్లీ, రిజిస్ట్రేషను మార్పు, ఫైనాన్సు ఉంటే దాని క్లియరెన్సు. పదిహేనేళ్లు నిండితే ఫిట్‌నెస్ పరీక్ష, ఐదేళ్లకోసారి రెన్యువలు, గ్రీన్ ట్యాక్సు. ఇవన్నీ కలిపి చూస్తే 8 లక్షల్లో బండి 6, కాగితాలు 1, మిగిలిన 1 మెకానిక్ టీ ఖర్చు.

“ఎవరు వాడిన బండి?” అని అడగడం ఎందుకో నాకు అర్థం కాదు. అన్ని బండ్లూ డాక్టర్లు వాడినవే. ఇంత మంది డాక్టర్లు ఇన్ని బండ్లు తోలుకుంటూ తిరుగుతుంటే ఓపీ ఎవరు చూస్తున్నారో.

కొంచెం వేరే మాట. ఏజెన్సీలో, పాడేరు అవతల, రంపచోడవరం అవతల, నిజంగా బురదలో ఎక్కి దిగేవి షేర్ ఆటోలూ, పాత కమాండర్ జీపులూ, బొలెరో పికప్‌లూ. లోపల పన్నెండు మంది, పైన నలుగురు, వెనక వేలాడేవాళ్లు ముగ్గురు. వాటిలో చాలావాటికి వెనక రెండు చక్రాలే లాగుతాయి. బరువంతా ఆ చక్రాల మీదే పడుతుంది కాబట్టి పట్టు అదే దొరుకుతుంది. అవీ వెళ్లలేని చోట మనిషిని డోలీ కట్టి మోసుకొస్తారు, గర్భిణినైనా సరే. నిజంగా ఫోర్ బై ఫోర్ అవసరమైన దారి అది. ఆ దారిలో ఉన్నది రెండు కర్రలూ, ఒక దుప్పటీ, నలుగురు మనుషుల భుజాలు. ఫోర్ బై ఫోర్లు మాత్రం సెల్లారులో దుమ్ము కప్పుకుని పడుకున్నాయి.

తెలుగు సినిమా కూడా ఈ పాపంలో భాగస్వామి. ఫ్యాక్షన్ సినిమాల్లో సుమోలు అలా గాల్లోకి లేస్తుంటే చూసి పెరిగిన తరం మాది. అవి చాలావరకు రెండు చక్రాలవేనని ఎవరూ చెప్పలేదు. గాల్లో ఉన్న బండికి ఎన్ని లాగితే ఏంటి.

చివరికి నేను రాతపూర్వకంగా ఒక ప్రతిపాదన పెట్టాను. నాలుగైదేళ్ల మామూలు పెట్రోలు బండి, ఆటోమేటిక్ గేరు, ఆరు ఎయిర్‌బ్యాగులు, కొత్త టైర్లు. మిగిలిన డబ్బులో వంద రూపాయలు పెట్టి వెనక డోరు మీద ‘ఫోర్ బై ఫోర్’ స్టిక్కరు. నేను కొత్తగా కనిపెట్టింది కాదు ఇది. 2023 జనవరిలో రెండు చక్రాలే లాగే థార్ వచ్చినప్పటినుంచి ఈ స్టిక్కర్లకు గిరాకీ బాగానే ఉంది. స్టిక్కరుకి ఆయిలు మార్చక్కర్లేదు, నూనె సీళ్లు కారవు, బరువుండదు, మైలేజీ తగ్గదు. పక్కింటివాడు చూసేది స్టిక్కరునే గానీ చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసుని కాదు. వాడు కింద పడుకుని చూడడు కదా.

మా వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు బండి కొన్నాడు.

ఏ బండో చెప్పను. అదే బండి ఉన్న బంధువులు మాకు ఇద్దరున్నారు, సంక్రాంతికి కలవాలి. పెద్దది, ఎత్తైనది, గేరు పక్కన బుల్లి లీవరు ఉన్నది. నంబరు కూడితే తొమ్మిది. ముందు ఇనుప గార్డు ఉంటే 2017 నాటి కేంద్రం ఉత్తర్వు చూపించి పీకించాను, అదొక్కటే నా సలహాల్లో అమలైంది. మా అత్తగారు ఎక్కడానికి నీలం రంగు ప్లాస్టిక్ పీట ఒకటి కొని డిక్కీలో పెట్టారు. ఎక్కడికెళ్లినా ముందు కొడుకు దిగి, వెనక్కి తిరిగి, పీట తీసి, తలుపు దగ్గర వేసి, చెయ్యి అందించాలి. గుడి ముందు జనం ఎవరో ఎమ్మెల్యే గారి తల్లి అనుకుంటారట. ఆవిడకి ఇప్పుడు బండి నచ్చుతోంది.

దసరాకి ఆయుధ పూజ చేశారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. మా చెల్లెమ్మ పసుపు, కుంకుమ పట్టుకుని స్టీరింగ్‌కి బొట్టు పెట్టింది, గేరు రాడ్‌కి పెట్టింది, ఆ బుల్లి లీవరు దగ్గర ఆగి, “దీనికీ పెట్టాలా అండీ?” అంది.

“పెట్టు,” అన్నాడు మా వాడు, కాస్త గర్వంగా. పెట్టింది. గుండ్రంగా, నున్నగా, లక్ష్మీదేవి బొట్టులా.

స్టీరింగ్ మీది బొట్టు మర్నాడు ఆఫీసుకు వెళ్లేసరికి మాయమైంది. గేరు రాడ్‌ది సాయంత్రానికి అరచేతికి అంటుకుపోయింది.

ఈ ఎండాకాలంలో బండి అమ్మకానికి పెట్టాడు. మైలేజీ రావట్లేదట, సెల్లారులో తిప్పలేకపోతున్నాడట. ఎలక్ట్రిక్ కొంటాడట, ఫ్యామిలీ కోసం. మొన్న ఆదివారం ఒక కుర్రాడు చూడ్డానికి వచ్చాడు, పక్కన నా వయసు పెద్దమనిషి ఒకాయన. మా వాడు తలుపు తీసి, లోపలికి వంగి, లీవరు చూపించాడు. ఎనిమిది నెలల కింద పెట్టిన బొట్టు, చుట్టూ సన్నగా దుమ్ము పట్టి, మధ్యలో ఎర్రగా, ఎక్కడా చెరగకుండా అలాగే ఉంది.

“ఫోర్ బై ఫోర్ ఒక్కసారి కూడా వాడలేదండీ. మీరే చూడండి.”

కుర్రాడు చూశాడు. వాడి కళ్లలో నాకు బాగా తెలిసిన తడి కనిపించింది. గుండె మీద చెయ్యి వెయ్యాల్సిన పని కూడా పడలేదు, బేరం పది నిమిషాల్లో కుదిరింది. నేను డిక్కీలోంచి నీలం పీట తీసి పక్కన పెడుతుంటే ఆ పెద్దమనిషి నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

“మీరు ఆయనకేమవుతారు?” అన్నాడు.

“బావని.”

“నేనూ అంతేనండీ,” అన్నాడు. ఇద్దరం కాసేపు ఆ పీట వైపు చూస్తూ నిలబడ్డాం.